ఇస్సాకు తవ్విన బావులు

కొన్నేళ్ల కిందట ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో ఒక పెద్దాయన భూస్థాపన ఆరాధన జరిపించడానికి నంద్యాల నుంచి వెళ్లాను. శిరివెళ్ల దాటేసరికే ఎండ మండిపోతోంది. రోడ్డు పక్క నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టె పెట్టారు. పెట్టెకు అటు పెద్దకొడుకు, ఇటు చిన్నకొడుకు. ఇద్దరి కళ్లూ ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. పదకొండేళ్లుగా వాళ్ల మధ్య మాటల్లేవు.

కారణం ఒక బోరు. తండ్రి తనకున్న నాలుగెకరాల పట్టా భూమిని చెరి రెండెకరాలు పంచాడు. బోరు తమ్ముడి వాటాలో పడింది. రోజు మార్చి రోజు ఇద్దరూ తడి పెట్టుకోవాలని నోటిమాటగా అనుకున్నారు. వానలు పడినన్నాళ్లు ఆ మాట నిలిచింది. రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేసి, బోరు ఆగి ఆగి పోయడం మొదలయ్యాక స్టార్టరు పెట్టెకు తాళం పడింది. మాటా మాటా పెరిగింది. గట్టు మీద కర్రలు లేచాయి. చివరికి పోలీసు స్టేషను మెట్లెక్కారు.

ఆ ఊరి సంఘానికి నేను నాలుగేళ్లు కాపరిగా ఉన్నాను. ప్రభువు బల్ల ఆరాధన నాడు అన్న వస్తే తమ్ముడు రాడని, తమ్ముడు వస్తే అన్న మధ్యలోనే లేచి వెళ్లిపోతాడని నాకు తెలుసు. ఇద్దరూ కోతల పండుగకు ముందు వరసలో నిలబడి కానుక ఇచ్చేవారే. కదిలిస్తే ఎవరో ఒకరు సంఘం మారిపోతారన్న భయం నాది. ఆ నాలుగేళ్లలో ప్రేమను గురించి, క్షమాపణను గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ బోరు దగ్గరికి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ఆ రోజు పెట్టె ముందు నిలబడితే చేతిలోని బైబిలు బరువుగా తోచింది.

ఏ వాక్యం చదవాలా అని ఆలోచించి ఆదికాండము 35వ అధ్యాయం చివరి వచనం తెరిచాను. నూట ఎనభై ఏళ్లు బతికి కన్నుమూసిన ఒక తండ్రిని అతని ఇద్దరు కొడుకులు కలిసి సమాధి చేసిన సంగతి అక్కడ ఉంది. ఆ కొడుకులు ఏశావు, యాకోబు. తండ్రి పోయాక తమ్ముణ్ని చంపుతానని ఒకప్పుడు మనసులో శపథం పట్టినవాడు ఏశావు. ఆ తండ్రి పోయిన రోజున మాత్రం అన్నదమ్ములిద్దరూ ఒకే సమాధి దగ్గర నిలబడ్డారు. ఆ తండ్రి పేరు ఇస్సాకు.

మధ్యలో నలిగిన పేరు

అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అని ముగ్గురి పేర్లూ కలిపే పలుకుతాం. దేవుడు కూడా తన్ను ఆ ముగ్గురి దేవుడిగానే మోషేకు పరిచయం చేసుకున్నాడు. కానీ ప్రసంగాల్లో అబ్రాహాముకు దక్కిన చోటు, యాకోబుకు దక్కిన చోటు ఇస్సాకుకు దక్కలేదు. మోరీయా కొండ మీద కట్టెలు మోసిన కుర్రవాడిగా అతన్ని చూస్తాం. కళ్లు మసకబారి, మోసపోయి చిన్నకొడుకును దీవించిన ముసలివాడిగా చూస్తాం. ఆ రెండింటి మధ్య ఉన్న మనిషిని చూడం. అబ్రాహాము చరిత్ర అధ్యాయాల కొద్దీ సాగుతుంది, యాకోబు చరిత్ర కూడా అంతే. ఇస్సాకు సొంతంగా నడిచిన కథ మాత్రం దాదాపు ఒక్క అధ్యాయం. అది ఆదికాండము 26.

అబ్రాము అబ్రాహాము అయ్యాడు. యాకోబు ఇశ్రాయేలు అయ్యాడు. ఇస్సాకు పేరు మాత్రం మారలేదు. పుట్టకముందే దేవుడు పెట్టిన పేరు అది, నవ్వు అని దానర్థం. తండ్రి కరువొచ్చినప్పుడు ఐగుప్తుకు వెళ్లాడు, కొడుకు ముసలితనంలో ఐగుప్తు చేరాడు. ఇస్సాకు మాత్రం వాగ్దాన దేశపు పొలిమేర దాటలేదు. కరువు రోజుల్లో గెరారు దాకా వెళ్తే, ఐగుప్తుకు దిగిపోవద్దు, ఇక్కడే ఉండు అన్నాడు దేవుడు. అతను ఉండిపోయాడు. వలస వెళ్లడానికి ఎంత ధైర్యం కావాలో, కరువు నేలలో నిలబడిపోవడానికీ అంతే విశ్వాసం కావాలి. ఇంటికి తాళం వేసి సుగ్గిబతుక్కి పోయే కుటుంబాలను చూసిన మన సీమ ప్రజలకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

నలభయ్యో ఏట పెళ్లయింది. అరవయ్యో ఏట పిల్లలు పుట్టారు. ఆ ఇరవై ఏళ్లూ పిల్లలు లేని భార్య కోసం అతను దేవుణ్ని వేడుకున్నాడు. అబ్రాహాము ఇంట్లో, యాకోబు ఇంట్లో ఇలాంటి కొరత వచ్చినప్పుడు దాసీలు రంగంలోకి వచ్చారు. ఇస్సాకు ఇంట్లో ప్రార్థన తప్ప మరో దారి తొక్కినట్టు లేఖనం చెప్పదు.

అలాగని అతను మచ్చలేనివాడు కాడు. ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు. వేటమాంసం రుచికి పెద్దకొడుకు వైపు మొగ్గాడు. ఆ పక్షపాతమే తర్వాత ఇంటిని చీల్చింది. బైబిలు తన పితరులకు మెరుగుపూత పూయదు. అందుకే వారి విశ్వాసం మనకు అందేంత దూరంలో ఉంటుంది.

పూడ్చేసిన బావుల దగ్గర

గెరారులో ఇస్సాకు విత్తనం వేశాడు. కరువు నేలలో నూరంతల పంట పండింది. మందలు పెరిగాయి. పొరుగువాళ్ల కళ్లు ఎర్రబడ్డాయి. అబ్రాహాము కాలంలో తవ్విన బావులన్నిటినీ ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చేశారు. ఆ పని ఎంత విచిత్రమో చూడండి. ఆ నీళ్లు వాళ్ల పశువులకూ పనికొచ్చేవే. తమకు దక్కకపోయినా ఫర్వాలేదు, అవతలివాడికి దక్కకూడదు. అసూయ లెక్క ఎప్పుడూ ఇంతే. చివరికి రాజు అబీమెలెకు పిలిచి, నువ్వు మాకంటే బలిసిపోయావు, మా దగ్గర నుంచి వెళ్లిపొమ్మన్నాడు.

ఇస్సాకు వెళ్లాడు. లోయలో గుడారం వేసుకుని, తండ్రి తవ్విన బావుల పూడిక తీయించాడు. తండ్రి పెట్టిన పేర్లనే వాటికి మళ్లీ పెట్టాడు. తర్వాత అతని మనుషులు కొత్తగా తవ్వితే ఊటనీళ్లు పడ్డాయి. గెరారు కాపరులు వచ్చి ఆ నీళ్లు మావన్నారు. దానికి ఏశెకు, అంటే జగడం, అని పేరు పెట్టి వదిలేశాడు. రెండో బావి తవ్వాడు. దాని కోసమూ కొట్లాడారు. దానికి శిత్నా, అంటే పగ, అని పేరు పెట్టి ముందుకు కదిలాడు. మూడోది తవ్వాడు. దాని కోసం ఎవరూ రాలేదు. దానికి రహెబోతు అన్నాడు. విశాలమైన చోటు అని దానర్థం.

ఆ మొదటి రెండు పేర్ల వరస గమనించదగ్గది. మొదటిది జగడం, రెండోది పగ. జగడం నీళ్ల గురించి, పగ మనిషి గురించి. శిత్నా అన్న హెబ్రీ మాటకు, సాతాను అన్న మాటకు ధాతువు ఒకటే. నీళ్ల కోసం మొదలైన తగువు ఎక్కడో ఒకచోట నీళ్లను మరచిపోతుంది. ఆ తర్వాత బోరు ఎండిపోయినా తగువు ఎండిపోదు. నేను చెప్పిన అన్నదమ్ముల బోరు అయిదేళ్లకే ఎండిపోయింది. దాని తాళం తుప్పుపట్టింది. పగ మాత్రం పదకొండేళ్లూ నిండుగా ఊరింది.

ఈ నేలకు నీళ్ల విలువ తెలుసు. ఒకప్పుడు ఎడ్లతో కపిల తోలి, తోలుసంచితో బావి నీళ్లు పైకి లాగి తడి పెట్టిన తాతల మాటలు నా తరం దాకా చెవిన పడ్డాయి. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో మొదలై, 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి తవ్వించిన కాలువే మన కె.సి. కెనాల్. 1882లో అది ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈలోగా 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఇలాంటి చోట తన చేత్తో తవ్వించిన బావిని వదిలి నడవడమంటే ఏమిటో కాలువ చివరి ఆయకట్టు రైతును అడగాలి. ఇస్సాకు వదిలింది చెంబెడు నీళ్లు కాదు, తన మందల ప్రాణం. ఒకసారి కాదు, రెండుసార్లు.

తగ్గడం వేరు, భయపడటం వేరు

ఈ కథ చెప్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. బావిని లాక్కున్నవాడు లేచి, బావి పోగొట్టుకున్నవాడికి ఇస్సాకు కథ వినిపించడమే ఆ ప్రమాదం. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఊరి బావిలో చేద వేసే హక్కు లేక, ఎవరైనా దయతలచి పోస్తే దోసిలి పట్టిన రోజులు చూశారు. వాళ్లకు 'తగ్గి ఉండండి' అన్న ఉపదేశం కొత్త కాదు, దాని కోసం బైబిలు అక్కర్లేదు. అన్యాయం జరిగితే నోరెత్తవద్దని ఇస్సాకు కథ చెప్పడం లేదు.

26వ అధ్యాయం చివర చూడండి. అబీమెలెకు తన స్నేహితుడు అహుజ్జతును, సేనాపతి ఫీకోలును వెంటబెట్టుకుని ఇస్సాకు దగ్గరికి వస్తాడు. ఇస్సాకు వంగి దండం పెట్టలేదు. నన్ను ద్వేషించి పంపేశారు కదా, ఇప్పుడెందుకొచ్చారు అని సూటిగా అడిగాడు. జరిగింది జరగనట్టు నటించలేదు. గాయాన్ని గాయమనే చెప్పాడు. ఆ తర్వాత వాళ్లకు విందు చేశాడు. పొద్దున్నే ప్రమాణాలు చేసుకుని, సమాధానంతో సాగనంపాడు. నిజం చెప్పడం, అన్నం పెట్టడం, ఈ రెండూ ఒకే మనిషి చేయగలడని ఇస్సాకు చూపించాడు. మనలో చాలామందికి మొదటిది వస్తే రెండోది రాదు, రెండోది వస్తే మొదటిది రాదు.

ఇంకో సంగతి. ఇస్సాకును పొమ్మన్నప్పుడు రాజు చెప్పిన కారణమే, అతను తమకంటే బలవంతుడయ్యాడని. అంటే అతను చేతకాక బావి వదల్లేదు. కొట్లాడితే గెలిచే సత్తా ఉండి వదిలాడు. భయపడి వదిలినవాడు రాత్రుళ్లు లోలోపల పళ్లు కొరుక్కుంటాడు. విశ్వసించి వదిలినవాడు మరుసటి రోజు పార పట్టుకుని ఇంకో చోట తవ్వడం మొదలుపెడతాడు. నీళ్లిచ్చేది బావి కాదు, దేవుడు అని తెలిసినవాడు మాత్రమే బావిని వదలగలడు.

ఆళ్లగడ్డ అనగానే రాతిలో ప్రాణం పోసే శిల్పుల ఉలి చప్పుడు గుర్తుకు రావాలి. కానీ బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది కక్షలు. సినిమాలు ఆ పేరును ఇంకా పెద్దది చేశాయి. మనం నిష్ఠూరపడతాం. కానీ ఇళ్లల్లో చూసుకుంటే, గట్టు జరిగిందని, పిల్లకాలువ మళ్లించారని, పెళ్లి పత్రికలో పేరు వేయలేదని ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కక్షకు బాంబులే అక్కర్లేదు, మౌనం చాలు.

మన తండ్రుల బావులు

ఇస్సాకు కొత్త బావికంటే ముందు పాత బావుల పూడిక తీశాడు. మన తండ్రులూ ఇక్కడ కొన్ని బావులు తవ్వారు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఎస్.పి.జి. మిషనరీలు ముత్యాలపాడు, కలసపాడు వంటి చోట్ల, తర్వాత నంద్యాలలో కేంద్రాలు నెలకొల్పారు. వాళ్లతోపాటు కాలినడకన పల్లెపల్లెకూ తిరిగిన ఉపదేశకులు, పంతుళ్లు మన ఊళ్ల మనుషులే. వాళ్ల పేర్లు చాలావరకు పుస్తకాలకెక్కలేదు. బడి అన్న మాటే తెలియని వాడల్లో పలకా బలపం పట్టించారు. ఊరు ఒక్క బావి దగ్గర మనుషులను విడదీస్తే, ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోంచి తాగవచ్చని నేర్పారు. అదీ వాళ్లు తవ్విన బావి.

ఆ బావి దగ్గరా తగువులు వచ్చాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం మద్రాసులో ఆవిర్భవించింది. ఆ ఐక్యత కోసం పాటుపడిన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆ రోజును చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన అధ్యక్ష మండలంలో భాగమైన నంద్యాల ప్రాంతంలో చాలా సంఘాలు ఆ ఐక్యతలో నిలవకుండా, ఆంగ్లికన్ సంఘంగానే ఉండిపోయాయి. ఒకే నమ్మకం, ఒకే గ్రంథం, ఒకే భాష గల మనుషులు రెండు వైపులయ్యారు. నంద్యాల డయోసిస్ 1963లో ఏర్పడింది. తర్వాతి కాలంలో అది దక్షిణ ఇండియా సంఘంలో చేరింది, నేడూ అందులోనే ఉంది. ఆ వేరుపాటు నాటి పెద్దల మనసులో వాళ్లకు న్యాయమనిపించిన కారణాలు ఉండే ఉంటాయి. ఇప్పుడు వాళ్లను తప్పుపట్టడం నా పని కాదు. ఏశెకు నుంచి రహెబోతుకు నడవడానికి ఒక్కోసారి ఒక తరం పడుతుందని మాత్రం అది నాకు నేర్పింది.

ఈనాడు మనం ఏ మట్టితో ఆ బావులు పూడుస్తున్నామో ఎవరికి వారు పరీక్షించుకోవాలి. సంఘ ఆస్తుల మీద వ్యాజ్యాలు, కమిటీ ఎన్నికల్లో వర్గాలు, నా తరపువాడు, నీ తరపువాడు అన్న లెక్కలు. ఫిలిష్తీయులు పోసిన మట్టికన్నా మనం పోసిన మట్టే ఎక్కువ. పూడిక తీయడం అంటే పాత కట్టడానికి రంగు వేయించడం కాదు. ఆ బల్ల దగ్గర మళ్లీ ఒకే గిన్నె పట్టుకోవడం.

తండ్రి విడిచిపోయిన ఆస్తి

ఇస్సాకు తన కొడుకులకు ఏమి విడిచిపోయాడు? యాకోబు ఇరవై ఏళ్లు మామ లాబాను దగ్గర పనిచేశాడు. మోసపోయాడు, మోసం చేశాడు కూడా. చివరికి ఇద్దరూ గిలాదు కొండ దగ్గర ఎదురుపడ్డారు. కొట్లాటకు సిద్ధమైన చోట రాళ్ల కుప్ప వేసి, ఇది నువ్వు దాటవద్దు, నేను దాటను అని ఒప్పందం చేసుకున్నారు. ఆ వేళ యాకోబు ఎవరి తోడని ప్రమాణం చేశాడో ఆదికాండము 31:53లో చూడండి. తన తండ్రి ఇస్సాకు భయభక్తులతో కొలిచిన దేవుని తోడని. నాన్న పొలంలో సాయంత్రాలు ధ్యానం చేసేవాడని, బావులు వదిలి కూడా బతికాడని, పగవాడికి విందు పెట్టాడని కొడుకు మరచిపోలేదు. రాబోయేవాటిని గురించి ఇస్సాకు విశ్వాసంతోనే యాకోబును, ఏశావును దీవించాడని హెబ్రీ పత్రిక 11:20 సాక్ష్యమిస్తోంది. మోసం జరిగిన గదిలో పలికిన దీవెననూ దేవుడు వృథా పోనివ్వలేదు.

ఆ తర్వాత ఎన్నో తరాలకు, యాకోబు బావిగా పేరుపడిన బావి గట్టున మన ప్రభువు అలసి కూర్చున్నాడు. తన జాతివారు ముట్టని గిన్నెలోంచి దాహమిమ్మని ఒక సమరయ స్త్రీని అడిగాడు. బావుల దగ్గర మనుషులు గీసిన గీత అక్కడ చెరిగిపోయింది.

ఆ రోజు వేపచెట్టు కింద ఇవన్నీ చెప్పలేదు. అంత తెగువా, అంత సమయమూ లేవు. ఇస్సాకును, ఏశావు యాకోబులు కలిసి సమాధి చేశారని చదివాను. అంతకుముందు అబ్రాహామును ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి సమాధి చేశారని 25వ అధ్యాయం నుంచి చదివాను. అప్పుడు, నాలుగేళ్లు మీ కాపరిగా ఉండి మీ బోరు దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు, నన్ను క్షమించండి అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరూ చెరో పక్క పెట్టెకు భుజం ఇచ్చారు.

సినిమాలో జరిగినట్టు వాళ్లు కౌగిలించుకోలేదు. మూడు నెలల తర్వాత ఆ సంఘ పెద్ద ఫోను చేశాడు. తమ్ముడు కొత్త బోరు వేయించాడట, రెండున్నర అంగుళాల నీళ్లు పడ్డాయట. మొదటి వారంలోనే ఎవరికీ చెప్పకుండా గట్టుకు గండి కొట్టి, అన్న చేనికి ఒక తడి నీళ్లు వదిలాడట. అన్న పొద్దున్నే వచ్చి తడిసిన మట్టి చూసుకుని, గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడట. వాళ్లు మాట్లాడుకున్నారా అని అడిగాను. ఇంకా లేదయ్యగారూ, కానీ మొన్న బల్ల ఆరాధనకు ఇద్దరూ వచ్చారు, ఇద్దరూ చివరి దాకా ఉన్నారు అన్నాడు.

అబీమెలెకుతో సమాధానపడిన రోజునే ఇస్సాకు సేవకులు పరుగున వచ్చి, మాకు నీళ్లు కనబడ్డాయని చెప్పారు. ఆ రోజునే ఎందుకు పడ్డాయో లేఖనం చెప్పలేదు. ఈ ఆదివారం మీరు ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేముందు మీ వాటాలో తాళం వేసి ఉన్న స్టార్టరు పెట్టె ఏదో ఒకసారి చూసుకోండి. తాళంచెవి మీ దగ్గరే ఉంది.